లైన్‌మన్ గారికి స్వాగతం

ఒక మనిషిని ఎయిర్‌పోర్టు నుంచి సభకు తీసుకెళ్లే పనిలో ఎంత ఘోరం జరగొచ్చో మీరే ఊహించుకోండి. కారు చెడిపోవచ్చు. వాన ముంచెత్తొచ్చు. దారి తప్పొచ్చు. నా విషయంలో ఇవేవీ జరగలేదు. కారు పట్టులా నడిచింది, ఎండ బ్రహ్మాండంగా కాసింది, దారి నా అరచేతి గీతల్లా తెలుసు. అయినా ఆ సాయంత్రానికల్లా ఒక డీన్ గారి కాపురం, మా మేడమ్ పరువు, ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లి, నా ఉద్యోగం అన్నీ కలిసి ఒకే గోతి అంచున నిలబడ్డాయి. తోసింది నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పట్లో మలేషియాలో, సైబర్‌జయ అనే ఊళ్లో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. మనుషులు ఎంత నడిచారో, ఎంత తిన్నారో ఫోన్లో చెప్పే యాప్ మాది. నా పై అధికారి పుష్పా మేడమ్. కౌలాలంపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆవిడ మాటలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు, మలయ్ నాలుగూ కలిసి కాపురం చేసేవి, గొడవ పడకుండా; చివర ఇక్కడివాళ్ల ఊతపదం 'లా' ఒకటి అదనం.

"గణేష్, యూనివర్సిటీలో మన సెమినార్‌కి అమెరికా నించి ఒక గెస్ట్ వస్తన్నారు. పేరు డేల్. ఫుట్‌బాల్ లైన్‌మన్. రిటైర్ అయిపోయినారు. ఎయిర్‌పోర్టు నించి తెచ్చి, తిండి పెట్టించి, స్టేజి ఎక్కించాలి. బోలే?"

బోలే అంటే వీలవుతుందా అని. మేడమ్ అడిగితే వీలుకానిదేముంటుంది? "బోలే మేడమ్" అన్నాను. అన్నాక ఆలోచించాను, లైన్‌మన్ అంటే ఎవరబ్బా అని. ఫుట్‌బాల్ మైదానం అంచున జెండా పట్టుకుని పరిగెత్తే ఆయనేమో అనుకున్నాను. జెండా ఊపే ఆయన అమెరికా నుంచి వచ్చి మాకు ఏం చెబుతాడు?

ఆ రాత్రి మా ఊరు సుంగై సుమున్‌లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అనుమానం ఇంకో రకం.

"లైన్‌మనా? కరెంటు స్తంబాలెక్కేవోడా? ఆడికి అమెరికా నించి రావడమేట్రా? మనకి నేరా లైన్‌మన్లు?"

"కరెంటు కాదమ్మా, ఫుట్‌బాల్."

"ఫుట్‌బాల్‌కి కరెంటెందుకురా?"

మర్నాడు మేడమ్ ఒక ఫొటో పంపారు. చూసి కుర్చీలో వెనక్కి వాలాను. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ వేరట. బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు. ఆ పట్టుకున్నవాడి ముందు గోడలా నిలబడి, మీదికొచ్చే వాళ్లను తోసిపారేసేవాడే లైన్‌మన్. ఫొటోలో ఉన్నది మనిషి కాదు, తలకు శిరస్త్రాణం పెట్టిన రెండు తలుపుల ఫ్రిజ్. మొహానికి అడ్డంగా ఇనప కడ్డీలు, కడ్డీల వెనక రెండు కళ్లు. అంతే. ముక్కెలా ఉంటుందో, జుట్టుందో లేదో ఏమీ తెలియదు. తెలిసేది ఒక్కటే, సైజు.

ఉపన్యాసం పేరు కూడా పంపారు: ఆట మానేశాక లైన్‌మన్ల శరీరాల్లో వచ్చే మార్పులు.

ఇక్కడే, పాఠకులారా, నా బుర్ర పనిచేసింది. పని చేయకుండా ఉంటే బాగుండేది. మా మావయ్య పామాయిల్ మిల్లులో రిటైరయ్యాక ఏమైంది? పొట్ట ముందుకొచ్చింది, చొక్కా బొత్తాలు ఊడిపోయాయి. సన్నటి మావయ్యకే అంత మార్పొస్తే, ఇప్పటికే ఫ్రిజ్ అంత ఉన్నవాడు రిటైరైతే ఎంతవుతాడు? ఆ లెక్కన ఏర్పాట్లు మొదలుపెట్టాను.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో టైలర్ దగ్గరికెళ్లి ఇక్కడి బాతిక్ అద్దకం గుడ్డతో చొక్కా కుట్టమని కొలతలు చెప్పాను. ఆయన కొలతల టేపు కింద పెట్టి, "తంబీ, ఇది ఆళుక్కా, కారుక్కా?" అన్నాడు. మనిషికా, కారుకా అని తమిళంలో అడుగుతున్నాడు. మనిషికే అన్నాను. నమ్మలేదు గానీ కుట్టాడు. హాల్లో వేదిక మీది సన్నకాళ్ల కుర్చీ తీయించి, క్యాంటీన్ నుంచి టేకు బెంచీ ఒకటి పెట్టించాను. అమ్మను సుంగై సుమున్ నుంచి పిలిపించి వంట పురమాయించాను. ఆవిడ నా ఫ్లాట్లో దిగి, పులిహోర, కోడికూర, పప్పు, వడలు మొదలుపెట్టింది. ఊరంతా జాతర చేసుకుంటున్నట్టు గిన్నెలు గ్యాస్ పొయ్యి మీద, నేల మీద, చివరికి నా మంచం మీద కూడా.

ఆ రోజు రానే వచ్చింది. ఎయిర్‌పోర్టులో మల్లెపూల దండ పట్టుకుని నిలబడ్డాను. పేరు రాసిన అట్ట తెచ్చాను గానీ, అంత మనిషిని గుర్తుపట్టడానికి అట్టెందుకని చంకలో పెట్టుకున్నాను.

తలుపులు తెరుచుకున్నాయి. వచ్చాడు!

ఆహా, ఏమి మనిషండీ! తలుపు రెండు రెక్కలూ ఆయన కోసమే విప్పారినట్టున్నాయి. భుజాలు ఇటునుంచి అటు చూడాలంటే మెడ తిప్పాలి. ఆయన పక్కన, సామాను బండి తోసుకుంటూ, పొడుగ్గా, ఎండిన అరటాకులా వేలాడే చొక్కాలో ఒక తెల్లజుట్టు సన్నటి పెద్దాయన. ఇద్దరూ కబుర్లాడుకుంటూ వస్తున్నారు. నేను ఆ సన్నాయన భుజం మీదుగా చూస్తూ ఉరికి, కాలివేళ్ల మీద లేచి, పెద్దమనిషి మెడలో దండ వేశాను.

"వెల్‌కమ్ సార్! మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాను."

ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పారు, చెప్పారు! ఎవరో అబ్బాయి వస్తాడు, దండ వేస్తాడు, కంగారుపడకు అన్నారు!" అని నన్ను దగ్గరికి లాక్కున్నాడు. రెండు నిమిషాల దాకా ఊపిరాడలేదు.

ఈలోగా సన్నాయన నా చంకలోని అట్ట మీది పేరు చదివి, "డేల్ కోసం వచ్చింది నువ్వేనా? మంచిది" అని తన సంచి నా చేతికిచ్చాడు. దండ వైపు ఒకసారి చూశాడు.

"మీరిద్దరూ కలిసే వచ్చారా?" అన్నాను.

"సింగపూర్ నుంచి కలిసే ఉన్నాం" అన్నాడు.

ఓహో, సింగపూర్‌లో కుదుర్చుకున్న సహాయకుడన్నమాట. ఇంత లావు మనిషికి సామాను తోసేవాడు కావాలి కదా. అంతా సరిపోయింది. చూశారా, అబద్ధానికి కూడా ఇంత చక్కగా అతికే సాక్ష్యం దొరకదు.

పెద్దాయన్ని కారు ముందుసీట్లో కూర్చోబెట్టాను. కారు ఎడమవైపు ఒరిగింది. సన్నాయన్ని వెనక, చొక్కా పొట్లం పక్కన సర్దాను.

"స్పీచ్ మీరే ఇస్తారుగా సార్?" అన్నాను పెద్దాయనతో.

"నాదే! నెల నుంచి అద్దం ముందు చెప్పుకుంటున్నాను. చెప్పేటప్పుడు ఏడుస్తానేమోనని భయంగా ఉంది."

శరీరం గురించి చెప్పడానికి ఏడుపెందుకో అర్థం కాలేదు. వెనక నుంచి సన్నాయన ఆశ్చర్యంగా, "నీక్కూడా స్పీచ్ ఉందా? నేనూ ఒకటి తెచ్చుకున్నాను" అన్నాడు.

"మీరు చివర్లో రెండు మాటలు చెబుదురుగాని సార్, టైముంటే" అన్నాను అద్దంలో చూస్తూ, ఎంతో ఉదారంగా.

ఆయన కాసేపు కిటికీలోంచి పామాయిల్ తోటలు చూశాడు. "అప్పట్లో తినడమే మాకు ఉద్యోగం" అన్నాడు మెల్లగా. "ఆకలి లేకపోయినా తినాలి. తిని, తిని, నిద్రలో లేచి తిని. మానేశాక సగం మనిషి పోయాడు."

పెద్దాయన గురించి ఆయన ముందే ఇలా మాట్లాడుతున్నాడని నాకు ఒళ్లు మండింది. పైగా సగం పోతేనే ఇంతున్నాడా? మొత్తం ఉన్నప్పుడు ఏ కారులో పట్టాడు? "సార్ వింటున్నారండీ" అని సైగ చేశాను. ఆయన అయోమయంగా తనవైపే వేలు చూపించుకున్నాడు.

ఇంటి దగ్గర అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దాయన వంగి, పక్కకు తిరిగి, ఎలాగో లోపలికొచ్చాడు. వచ్చి అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. అమ్మ తబ్బిబ్బైపోయింది.

"ఎంత మంచోడ్రా! అదుగో, ఆ ఫ్యాను తిరగనేదు. లైన్‌మన్ బాబు ఓపాలి సూత్తాడేమో అడగరా."

"అమ్మా! ఆయన కరెంటు లైన్‌మన్ కాదని చెప్పానా?"

కానీ అమ్మ అప్పటికే ఫ్యాను వైపు వేలు చూపిస్తోంది. పెద్దాయన నవ్వుతూ, స్టూలు అక్కర్లేకుండానే, చెయ్యెత్తి ఫ్యాను పైనున్న గిన్నెలో ఏదో తీగ సరిచేశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"సెప్పినానా!" అంది అమ్మ.

భోజనాల దగ్గర పెద్దాయన అటూ ఇటూ చూసి, "బ్రైడ్ ఎక్కడ?" అన్నాడు. పెళ్లికూతురా? అమెరికావాళ్ల యాస నాకు అంతంతమాత్రమే. అమ్మ చటుక్కున, "బ్రెడ్డా? ఉంది బాబూ, ఉంది" అని ఫ్రిజ్‌లోంచి బ్రెడ్డు పొట్లం తెచ్చి ముందు పెట్టింది. ఆయన బ్రెడ్డు వైపు, మా అమ్మ వైపు, నా వైపు చూసి, మర్యాదకు ఒక ముక్క తిన్నాడు. "సాయంత్రం విందుంది కదా, ఇప్పుడు కొంచెమే" అన్నాడు. మా ఆఫీసు సాయంత్రం పెట్టేది టీ, రెండు కరిపాప్‌లు. ఆ ఆలూ సమోసాలనే విందనుకుంటున్నాడే అని జాలేసింది.

అమ్మ దృష్టి సన్నాయన మీద పడింది.

"ఇతనెవర్రా? ఎంత సిక్కిపోనాడు! అంత పెద్ద మనిసి దగ్గర పన్జేత్తా, ఇతనికి తిండెట్టరేటి?"

వద్దు, వద్దంటున్నా వినకుండా ఆయన ఆకులో పులిహోర గుట్ట పోసింది. ఆయన చేతులు అడ్డుపెట్టాడు. ఆ చేతివేళ్లు ఎటుపడితే అటు వంకర తిరిగి ఉన్నాయి. "కొంచెం చాలమ్మా" అన్నాడు. తర్వాత చిన్న చిన్న ముద్దలు నమలడం మొదలుపెట్టాడు, పరీక్ష రాస్తున్నవాడిలా. నేను పట్టించుకోలేదు. నా దృష్టంతా పెద్దాయనకు బాతిక్ చొక్కా సరిపోయిందా లేదా అన్నదాని మీదే. అచ్చు గుద్దినట్టు సరిపోయింది! నా కొలతలు ఎంత గొప్పవో!

హాలు నిండింది. వేదిక మీద పూలు, పక్కపక్కనే రెండు అందమైన కుర్చీల్లో పట్టుచీరలో పుష్పా మేడమ్, కొత్త కోటులో యూనివర్సిటీ డీన్ గారు. మధ్యలో నా టేకు బెంచీ. పెద్దాయన్ని దానిమీద కూర్చోబెట్టాను. సన్నాయన్ని చివరి వరసలో, సంచుల పక్కన.

మేడమ్ మైకులో, "ప్లీజ్ వెల్‌కమ్, డేల్!" అన్నారు. చప్పట్లు. నా పక్కన సన్నాయన లేచాడు.

"మీరు కూర్చోండి సార్" అన్నాను చొక్కా పట్టి లాగుతూ.

"నా పేరు పిలిచారే!"

"మీ సార్ పేరు పిలిచారు. మీది కాదు."

ఆయన కూర్చున్నాడు. ఆ మొహంలో ఉన్న అయోమయాన్ని ఇప్పుడు తలుచుకుంటే నేలలోకి కుంగిపోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, ఈయనకు క్రమశిక్షణ తక్కువ అనుకున్నాను.

నేను వెనక నుంచి మాట్లాడమని చెయ్యి ఊపగానే, వేదిక మీద పెద్దాయన మైకు అందుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ వైపు, డీన్ గారి వైపు తిరిగాడు.

"ఎంత అందమైన జంట!" అన్నాడు.

హాల్లో తలలన్నీ డీన్ గారి వైపు తిరిగాయి.

"ప్రేమకు వయసు లేదని మీ ఇద్దర్నీ చూసి తెలుసుకున్నాను. కుర్ర పెళ్లికొడుకుని చూస్తాననుకున్నాను, ఇతను కొంచెం... కొంచెం పెద్దవాడుగా ఉన్నాడు. నా స్నేహితుడెక్కడున్నాడో ఇంకా కనబడలేదు. అయినా మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఈ ఇంటికి త్వరలోనే పాపాయి రావాలి!"

మొదటి వరసలో డీన్ గారి భార్య లేచి నిలబడింది. డీన్ గారు చేతిలో ఉన్న నీళ్ల సీసా వదిలేశారు. పుష్పా మేడమ్ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వేదిక అంచుకొచ్చి, హాలంతా వినబడేలా, మలయ్‌లో అమ్మబాబోయ్ అంటూ అరిచారు.

"ఆలామాక్! గణేష్! ఏటి లా ఇది? ఎవర్ని తెచ్చినావు?"

"డే... డేల్ సార్‌ని మేడమ్!"

పెద్దాయన మైకులోనే, "నేను డేల్ కాదు, టామా! న్యూజీలాండ్!" అన్నాడు. చెయ్యి చాచి చివరి వరస చూపించాడు. "డేల్ అదుగో! విమానంలో నా పక్క సీటాయన."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. సన్నాయన లేచి నిలబడ్డాడు. ఈసారి నేను చొక్కా లాగలేదు.

వివరాలు అక్కడికక్కడే బయటపడ్డాయి. టామా ప్రాణస్నేహితుడి అన్నకు కౌలాలంపూర్‌లో భారతీయుల అమ్మాయితో పెళ్లి. ఆ అన్నను ఎప్పుడూ చూడకపోయినా, స్నేహితుడి కోరిక మీద సాయంత్రం రిసెప్షన్లో మాట్లాడాలి. ఎయిర్‌పోర్టుకు అబ్బాయి వస్తాడు, దండ వేస్తాడు అన్నారు. అబ్బాయి వచ్చాడు, దండ వేశాడు. ఇంట్లో వంటల హడావుడి ఉంది. పెద్దావిడ ఆదరంగా అన్నం పెట్టింది, కొత్త చొక్కా తొడిగారు. పెళ్లివారే అనుకోకుండా ఇంకేమనుకుంటాడు? పక్క సీటాయన్ని కూడా అదే కారు ఎక్కిస్తే, ఆయనకూ ఆ పెళ్లికే పిలుపు ఉందేమో అనుకున్నాడు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, అడగబోతే బ్రెడ్డు ఇచ్చారు.

"మరి మీరెందుకు చెప్పలేదు సార్?" అన్నారు మేడమ్ డేల్ గారితో, దాదాపు ఏడుస్తూ.

"ఈ దేశంలో అందరికంటే లావుగా ఉన్నవాణ్ణి ముందు గౌరవిస్తారేమో అనుకున్నాను" అన్నాడాయన. "నేను లావుగా ఉన్న రోజుల్లో వచ్చుంటే బాగుండేది కదా అని బాధపడ్డాను కూడా."

తెర మీద ఆ పాత ఫొటో పడింది, ఇనప కడ్డీల వెనక రెండు కళ్లు. జనం ఫొటో చూసి, ఆయన్ని చూసి గుసగుసలు పోయారు. నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. ఈయన ఆ మనిషా? ఆ మనిషిలో ఈయన్ని ఎన్ని చోట్ల దాచొచ్చు!

డేల్ గారు నవ్వి, టామాను పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు. తర్వాత మోకాళ్లు వంచాడు. వాటి చప్పుడు నాకు చివరి వరస దాకా వినబడింది. ఒక చేతి వంకర వేళ్లు నేలకు ఆన్చి, తల పైకెత్తాడు. ఆ ఒక్క క్షణంలో ఏమైందో తెలియదు గానీ, ఆ సన్నటి ఒంట్లోకి ఫొటోలోని మనిషి వచ్చి కూర్చున్నాడు. కళ్లు అవే. మరుక్షణం లేచి రెండు అరచేతులూ టామా ఛాతీ మీద వేసి తోశాడు. అంత టామా వెనక్కి రెండడుగులు వేసి, నా టేకు బెంచీ మీద ధబ్బున కూలబడ్డాడు. బెంచీ తట్టుకుంది. ఆ రోజు నేను చేసిన పనుల్లో పనికొచ్చింది అదొక్కటే.

హాలు హోరెత్తింది. టామా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నా ఫోన్ తీసుకుని స్నేహితుడితో మాట్లాడాడు. పెళ్లివాళ్లు దండ పట్టుకుని ఎయిర్‌పోర్టంతా తిరుగుతున్నారట. "రిసెప్షన్‌కి ఇంకా టైముంది. ఇతని మాటలు విని వస్తాను" అని బెంచీ మీదే కూర్చుండిపోయాడు.

అప్పుడు డేల్ గారు మాట్లాడారు. ఆ శరీరం తనది కాదని, జట్టుదని చెప్పారు. బరువు తగ్గితే ఉద్యోగం పోతుందన్న భయంతో, కడుపు వద్దంటున్నా తినేవారట. ఆట మానేశాక మామూలు మనుషుల్లా తింటే చాలు, ఒళ్లు దానంతటదే కరిగిపోయిందట. ఊపిరి బాగుంది, నిద్ర బాగుంది. కానీ మోకాళ్లు మాత్రం పాత బరువును ఇంకా మోస్తున్నట్టే నొప్పిపెడతాయట. చర్మం వేలాడుతుంది. తలుపుల్లోంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ పక్కకు తిరుగుతారట. పాత స్నేహితులు ఎదురొచ్చి, చూసి, దాటిపోతారట.

"ఇవాళ పొద్దున ఎయిర్‌పోర్టులో ఈ అబ్బాయి నా భుజం మీదుగా నాకోసం వెతికాడు" అన్నారు. "అతన్ని చూసి నేను కూడా వెనక్కి తిరిగి చూశాను."

అందరూ నవ్వారు. కొంచెం సేపటికి నవ్వు ఆగిపోయింది. నేను తలెత్తలేదు. ఆయన ఆకులో గుట్టగా పోసిన పులిహోర, ఆ చిన్న ముద్దలు గుర్తొచ్చాయి.

సభ కాగానే టామాను కౌలాలంపూర్‌లో పెళ్లి హాలుకు చేర్చాను. డేల్ గారూ వస్తానన్నారు. దారిలో నేను క్షమాపణ అడగబోతే, "నీ తప్పేం లేదు. అద్దంలో నేనే ఒక్కోసారి అతన్ని వెతుకుతాను" అన్నారు. టామా అదే స్పీచ్‌ను అసలు పెళ్లికొడుకు ముందు చెప్పాడు. ఈసారి సరిగ్గా ఏడ్చాడు. పెళ్లివాళ్లు మాకూ భోజనం పెట్టారు. వడ్డించే ఆవిడ డేల్ గారి ఆకు దగ్గర గరిటె ఎత్తగానే నేను అడ్డం వెళ్లి, "అక్కా, ఆయనకు కొంచెమే" అన్నాను. ఆయన నా వైపు చూసి తలూపారు.

మర్నాడు పుష్పా మేడమ్ నన్ను పిలిచారు. డీన్ గారి భార్యకు క్షమాపణలు చెప్పుకోవడానికి వెళ్లి అప్పుడే తిరిగొచ్చారు.

"నిన్ను తీసేద్దామనే అనుకున్నాను లా. కానీ ఇలాంటి సెమినార్ ఎప్పుడూ చూడలేదని యూనివర్సిటీవాళ్లు అంటన్నారు. మళ్లీ పెట్టమంటన్నారు." నిట్టూర్చారు. "ఈసారి గెస్ట్‌ని నేనే తెస్తాను. సరియా?"

సరే అన్నాను. ఆ రోజే మా మేడమ్ సాక్షిగా, టేకు బెంచీ సాక్షిగా, ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. మనిషి ఎంత లావున్నా, ఎంత సన్నగా ఉన్నా, ఫొటోలో ఎలా ఉన్నా, నోటితో పేరు అడిగి, నోటితో జవాబు విని, అప్పుడే సంచి అందుకుంటాను. ఎంత తెలిసినవాళ్లయినా సరే, మినహాయింపు లేదు.

ఇప్పటిదాకా తప్పలేదు. మొన్న సుంగై సుమున్ నుంచి వచ్చిన బస్సు దిగి, మా అమ్మ సంచి చాచింది. నేను అందుకోకుండా, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మీ పేరేమిటండీ?" అని అడిగాను.

ఆవిడ బస్టాండంతా వినబడేలా జవాబు చెప్పింది. అది పేరు మాత్రం కాదు.